సీలు వేసిన ఓవెనూ, సీలు లేని చీమలూ

సోమవారం పొద్దున ఏడు గంటలకల్లా ఆ ఇంటి ఫ్రిజ్ తలుపు మీద ఒక నోటీసు వెలిసింది.

"ఇందుమూలముగా కుటుంబ సభ్యులందరికీ తెలియజేయడమేమనగా, నిన్నటి భోజన సమయమున ఇంటి యజమాని గారి మంచినీళ్ళ గ్లాసులో ఒక చీమ, ఈదుచున్న స్థితిలో, పట్టుబడినది. దీనిని తీవ్రముగా పరిగణిస్తూ, ఈ క్షణము నుండి ఇంటిలోనికి పంచదార మరియు తత్సంబంధిత తీపి పదార్థముల ప్రవేశము నిషేధించడమైనది. వంటగది యంత్రములన్నియు చీమల నివారణ కమిటీ అధీనములో ఉండును. కుటుంబ సభ్యులు, చీమలు గమనించవలెను."

రాసింది మామగారు. ముప్పై నాలుగేళ్ళు నీళ్ళ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో కుళాయిల్లోకి నీళ్ళు వచ్చినా రాకపోయినా, ఎందుకు రాలేదో చెప్పే కాగితం మాత్రం ఆయన చేతి మీదుగా ఠంచనుగా వచ్చేది. అలాంటి మనిషి గ్లాసులోకి, అడక్కుండా, అర్జీ పెట్టుకోకుండా, ఒక చీమ దిగి ఈత కొట్టిందంటే ఆయన ప్రాణం ఎంత చివుక్కుమని ఉంటుందో మీకు నేను వేరే చెప్పాలా?

ఆ నోటీసు చదివి గుండెలో రాయి పడింది చిన్న కోడలికి. ఎందుకంటే ఆ ఇంట్లోకి అందరికన్నా ఆఖరున వచ్చినవి రెండు. ఒకటి ఆమె, ఆరు నెలల కిందట. రెండోది ఆమె ఓవెను, మూడు వారాల కిందట. పెళ్ళికి ముందు ఆమె ఒక బేకరీలో కేకుల బల్ల దగ్గర పనిచేసేది. ఆ బేకరీ మూసేస్తూ యజమానురాలు, "నీ చేతిలో ఉంటే ఇది ఇంకో పదేళ్ళు బతుకుతుందే," అని ఆ పెద్ద ఓవెను ఇచ్చి పంపింది. దాని తలుపు కాస్త వంకర. కుడివైపు మంట ఎడమవైపు కన్నా ఎక్కువ. ఆ అలకలన్నీ ఆమెకు తెలుసు. రెండు వీధుల అవతల బళ్ళో గంట కొట్టే ఆయా ముప్పై ఒక్కేళ్ళు కొట్టి కొట్టి ఈ శనివారం రిటైరవుతోంది. టీచర్లంతా కలిసి గంట ఆకారంలో కేకు కావాలని చిన్న కోడలికి చెప్పారు. ఆమె చేతికి వచ్చిన మొదటి పని అది. బాగా కుదిరితే బడి వార్షికోత్సవం కేకూ ఆమెదే. కుదరకపోతే, "ఓవెనుందని కేకులొస్తాయా?" అని వీధి వీధంతా అనుకోవడానికి సిద్ధంగా ఉంది.

సోమవారం తొమ్మిదింటికి కమిటీ తొలి సమావేశం వంటింట్లోనే జరిగింది. అధ్యక్షులు మామగారు. బావగారు ప్రభుత్వ సర్వేయరు కాబట్టి చీమల దారులు కొలిచి పటం గీసే బాధ్యత ఆయనది. తోటికోడలు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి తీపి వల్ల కలిగే అనర్థాల మీద రోజుకో ఉపన్యాసం ఆమెది. చిన్న కోడలి మొగుడు లిఫ్టు మెకానిక్కు కాబట్టి సాంకేతిక సలహాదారు. అత్తగారికి ఏ పదవీ ఇవ్వలేదు. పదవిస్తే పని చేయడం మానేస్తుందేమోనని భయం. చిన్న కోడలు నిందితురాలు కాబట్టి సమావేశానికి టీ పెట్టింది. చప్పటి టీ.

మామగారు లేచి నిలబడ్డారు.

"చీమ చిన్నదే. కానీ చీమను చిన్నచూపు చూసిన సంస్థ ఒక్కటీ బాగుపడలేదు. మా ఆఫీసులో ఒకసారి ఫైళ్ళకు చెదలు పట్టాయి. మేం బెదిరామా? బెదరలేదు. చెదల మీద ఒక ఫైలు తెరిచాం. ఆ ఫైలు ఇవాళ్టికీ ఉంది."

"మరి చెదలో?" అంది అత్తగారు.

"అవీ ఉన్నాయి. అది వేరే సెక్షను," అన్నారు మామగారు.

తర్వాత తీర్మానం. ఓవెను వచ్చాకే చీమ వచ్చింది కాబట్టి, ఓవెనే మూలకారణం. విచారణ ముగిసేదాకా దాన్ని తెరవకూడదు. రిటైరయ్యేటప్పుడు ఆఫీసు నుంచి జ్ఞాపకార్థం తెచ్చుకున్న లక్క ముద్ర ఆయన దగ్గర ఉండనే ఉంది. ఓవెను తలుపుకు అడ్డంగా కాగితం అతికించి, సంతకం పెట్టి, రెండు చివర్లా ఎర్ర లక్క కరిగించి ముద్ర గుద్దారు. గుద్దుతున్నప్పుడు ఆయన ముఖంలో ముప్పై నాలుగేళ్ళ వెలుగు కనిపించింది.

"మామయ్యా, శనివారానికి కేకివ్వాలి. ఒప్పుకున్నాను," అంది చిన్న కోడలు.

"అమ్మాయ్, మంచినీళ్ళ కన్నా కేకు ముఖ్యమా?" అన్నారు మామగారు.

ఆమె మొగుడి వైపు చూసింది. సాంకేతిక సలహాదారు పైకి, కప్పు వైపు చూశాడు. లిఫ్టు వాళ్ళకి ఆ అలవాటు ఉంటుంది.

ఇక యుద్ధం మొదలైంది. నీళ్ళ ఆఫీసు మనిషికి నీళ్ళ మీదే నమ్మకం. బల్ల కాళ్ళు నాలుగూ నాలుగు నీళ్ళ గిన్నెల్లో పెట్టించారు. ఫ్రిజ్ కాళ్ళు ఇంకో నాలుగింట్లో. మిక్సీని ఒక బోర్లించిన గిన్నె మీద, ఆ గిన్నెను నీళ్ళ పళ్ళెంలో. టోస్టరూ అంతే. మంచినీళ్ళ ఫిల్టరు స్టాండుకు ఏకంగా బకెట్లు. ఆఖరికి ఆయన కూర్చునే కుర్చీ కాళ్ళకు కూడా గిన్నెలు తొడిగారు. కాళ్ళు తడవకుండా ఆ కుర్చీలో కూర్చోవాలంటే పక్కన స్టూలెక్కి దిగాలి. అధ్యక్షుడన్నాక ఆమాత్రం ఎత్తు తప్పదు.

మంగళవారం మధ్యాహ్నం అత్తగారు గరిటె పట్టుకుని వంటింటి మధ్యలో నిలబడింది.

"ఏమండీ, ఇంట్లో గిన్నెలన్నీ కుర్చీ కాళ్ళకీ బల్ల కాళ్ళకీ తొడిగారు. ఈ కూర దేంట్లో తీయను? మీ టోపీలోనా?"

"మూతల్లో తీయవోయ్. యుద్ధ సమయం," అన్నారాయన కుర్చీ మీంచి.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరూ మూతల్లో తిన్నారు. కూర మూతలోంచి జారి నీళ్ళలో పడేది. ఆ నీళ్ళ మీద తేలే కూర ముక్కను పడవ చేసుకుని చీమలు దర్జాగా అవతలి గట్టుకు చేరేవి. పడవ దొరకని చీమలు కరెంటు తీగల మీదుగా వచ్చేవి. ఎంత నీళ్ళలో ఉన్నా మిక్సీకి ఒక తీగ, ఆ తీగకు ఒక గోడ ఉంటాయి కదా. ఈ సంగతి చిన్న కోడలు చెప్పబోతే, "తీగలు సాంకేతిక విభాగం కిందికి వస్తాయి," అన్నారు. సాంకేతిక విభాగం మళ్ళీ కప్పు వైపు చూసింది.

చిత్రమేమిటంటే, ఇంట్లో పంచదార పలుకన్నది లేకుండా పోయిన కొద్దీ చీమలు పెరిగాయి. సోమవారం ఫిల్టరు దగ్గర మాత్రమే ఉన్న వరుస, మంగళవారానికి మిక్సీ దాకా పాకింది. బుధవారానికి టోస్టరు చుట్టూ, పైఅరలోని పాత కరెంటు కుక్కరు చుట్టూ, పొయ్యి మీది పొగగొట్టం దాకా చేరాయి. గురువారం పొద్దున చూస్తే ఓవెను వెనకాల కూడా ఒక నల్లటి దారం కదులుతోంది. సీలు చెక్కు చెదరలేదు. లోపల పిండి రేణువు లేదు. అయినా చీమలు వెళ్తున్నాయి, వస్తున్నాయి.

కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. బావగారు పటం పరిచారు. అందులో వంటిల్లు ఉండాల్సిన చోట ఎర్ర గీతలే ఉన్నాయి. ఇల్లు ఎవరిదని అడిగితే చీమలదే అనేలా ఉంది.

"చీమలు మూడు చోట్ల నుంచి వస్తున్నాయి నాన్నా. కిటికీ చువ్వ, సింకు కింద పగులు, తలుపు గడప. ఉత్తర దిక్కు నుంచి వచ్చేవి కాస్త పొడుగ్గా ఉన్నాయి," అన్నారు బావగారు.

"తీపి లేని ఇంట్లోకి చీమలు ఎందుకొస్తాయి మామయ్యా? మన ఇంట్లో పళ్ళు చూడండి, ఒక్కరికీ పుచ్చు లేదు," అంది తోటికోడలు. అన్నప్పుడు ఆమె నోట్లోంచి చాక్లెట్టు వాసన లాంటిది వచ్చినట్టు చిన్న కోడలికి అనిపించింది కానీ, నిందితురాలికి ముక్కు ఉండకూడదని ఊరుకుంది.

మామగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తీపి లేకపోయినా వస్తున్నాయంటే అవి తీపి కోసం రావడం లేదు. కక్షతో వస్తున్నాయి. ఈ ఓవెను ఇంట్లో ఉన్నంతకాలం ఆ కక్ష చల్లారదు. శనివారం పొద్దున దీన్ని పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేద్దాం."

అప్పుడే ఫోను మోగింది. బళ్ళో డ్రాయింగు టీచరు.

"ఏమ్మా, గంట సంగతెంతవరకూ వచ్చింది? ఆయా పాపం మూడు రోజులుగా కొత్త చీరకు ఇస్త్రీ మీద ఇస్త్రీ చేసుకుంటోంది. రేపు సాయంత్రానికి నువ్వు ఔననకపోతే కొట్లోంచి ఏదో గుండ్రటిది తెచ్చేస్తాం. ఇబ్బందేం లేదు."

"గంటే ఇస్తానండీ," అంది చిన్న కోడలు. ఎలా ఇస్తుందో ఆమెకే తెలీదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీశారు. నాలుగు రోజులు చీమలతో పోరాడిన శరీరాలు కదా. చిన్న కోడలు మాత్రం చిన్న పీట వేసుకుని తన ఓవెను పక్కన కూర్చుంది. ఏడవడానికే కూర్చుంది. కానీ ఏడుపు రాక, చీమల వంక చూస్తూ ఉండిపోయింది. అలా చూస్తుంటే ఒక సంగతి తట్టింది. కమిటీ నాలుగు రోజులుగా చీమలు ఎక్కడి నుంచి వస్తున్నాయని మాత్రమే అడిగింది. ఎక్కడికి వెళ్తున్నాయని ఒక్కరూ అడగలేదు. వరుస కనిపించగానే తడిగుడ్డతో తుడిచేసేవారే తప్ప, దాని వెంట రెండడుగులు నడిచినవాళ్ళు లేరు. వెళ్ళే చోటు కమిటీ పరిధిలోకి రాదట.

ఆమెకు పరిధి లేదు. పీట జరుపుకుంటూ చీమల వెంట వెళ్ళింది.

మొదటి వరుస ఫిల్టరు పైకి ఎక్కి, మూత సందులోంచి లోపలికి దిగింది. ఆ మూత మీద "అధికారం గల వ్యక్తి మాత్రమే తెరవవలెను" అని మామగారి అక్షరాలు. ఆ అధికారం గల వ్యక్తి ఆయనొక్కరే. డాక్టరు పంచదార మానమన్న నాటి నుంచి ఆయన ఫిల్టరును రోజుకు నాలుగుసార్లు స్వయంగా తనిఖీ చేస్తున్నారు. అంత శ్రద్ధ ఎవరికుంటుందని ఇల్లంతా మెచ్చుకునేది. చిన్న కోడలు మూత ఎత్తింది. లోపల, నీళ్ళలోకి దిగే గొట్టం పక్కన, ఆఫీసు కాగితంలో మడతపెట్టి పటికబెల్లం పొట్లం. మడత మీద చిన్న సంతకం కూడా ఉంది. అలవాటు అలాంటిది.

రెండో వరుస వెంట పైఅరకు ఎక్కింది. మీట కాలిపోయినా సరే, పారేయడానికి ఒప్పుకోనని అత్తగారు మొండికేసిన కరెంటు కుక్కరు. మూత తీస్తే మూడు వంతులు పంచదార. మధ్యలో చెంచా నిలబడి ఉంది. మిక్సీలో ఎవరూ వాడని పెద్ద జారు నిండా చాక్లెట్లు. వాటి మీద పళ్ళ డాక్టరు ఇచ్చే మెత్తటి దూది కప్పి ఉంది. పొగగొట్టం పైన, నిచ్చెన వేస్తే గానీ అందని చోట, క్రీము బిస్కట్ల పొట్లాలు ఒకదాని మీద ఒకటి, కొలిచి పేర్చినట్టుగా. ఎత్తైన చోటు ఎక్కడుందో సర్వేయరుకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? టోస్టరు అడుగున జాము సీసా. ఆ సీసా ఎవరిదో తేలలేదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరి వేలిముద్రలూ దాని మీద ఉన్నాయి.

ఇక ఓవెను. ముందు సీలు సీలుగానే ఉంది. వెనక్కి వంగి చూస్తే, వెనకరేకు నాలుగు స్క్రూలూ తళతళలాడుతున్నాయి. పదేళ్ళ పాత ఓవెనుకు కొత్త మెరుపు ఎలా వస్తుంది? ఇంట్లో స్క్రూడ్రైవరు పట్టేది ఒక్కడే. గోరుతో కదిపితే రేకు వదులై, లోపల్నుంచి రంగురంగుల టాఫీలు ఆమె ఒళ్ళో రాలాయి.

మొగుడు. కట్టుకున్న మొగుడు. సీలు వేసిన తన ఓవెను వీపులో!

ఆమె పిడికిలి బిగించింది. ఐదుగురినీ లేపి, నడింట్లో నిలబెట్టి, ఒక్కొక్కరినీ కడిగేద్దామనిపించింది. తర్వాత ఇంకోలా ఆలోచించింది. పరువు పోయిన పెద్దమనిషి సీలు తీయడు, ఇంకో సీలు వేస్తాడు. ఆమెకు కావలసింది క్షమాపణ కాదు, ఓవెను. అన్నీ ఎక్కడివక్కడ పెట్టి, ఒక కాగితం తీసుకుంది. ఆ ఇంట్లో ఉన్న ఆరు నెలల్లో భాష ఆమెకూ పట్టుబడింది.

గురువారం సాయంత్రం ఫ్రిజ్ మీద రెండో నోటీసు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, రేపు శుక్రవారము ఉదయము పది గంటలకు వంటగదిలోని యంత్రములన్నియు పూర్తిగా విప్పి, తుడిచి, బల్లపై పరచి కమిటీకి చూపబడును. ఫిల్టరు మూతతో సహా. ఓవెను వెనకరేకుతో సహా. ఇట్లు, నిందితురాలు."

చదివిన వాళ్ళు చదివినట్టే వెళ్ళి పడుకున్నారు. మామగారు మాత్రం, "వాక్యం బాగుంది," అన్నారు బలహీనంగా.

శుక్రవారం, అప్పుడే తెల్లవారుతోంది. చిన్న కోడలు సింకు పక్కన చీపురు పట్టుకుని నిలబడింది. గోడ పక్కగా, కాళ్ళు చప్పుడు కాకుండా, ముందు మామగారు వచ్చారు. ఆయన వెనక అత్తగారు. అత్తగారి వెనక బావగారు, ఆయన వెనక తోటికోడలు, అందరికన్నా వెనక ఆమె మొగుడు. మసకచీకట్లో ఒకరికొకరు తెలియక ఒకే వరుసలో వచ్చారు. ఎవరి యంత్రం దగ్గరికి వాళ్ళు మళ్ళారు. ఎవరి మూట వాళ్ళు ఎత్తుకున్నారు. తమకన్నా బరువైన మూటలు. తిరిగి వెళ్ళేటప్పుడు ఎదురైన వాళ్ళు ఒక్క క్షణం ఆగి, ముఖంలో ముఖం పెట్టి చూసుకుని, తలలు ఊపి, మళ్ళీ గోడ పక్కగా కదిలిపోయారు. అచ్చం వీళ్ళలాగే నడిచే జీవాలను ఆమె నాలుగు రోజులుగా చూస్తూనే ఉంది.

దీపం వేసింది.

వరుస అక్కడికక్కడే ఆగిపోయింది.

"నేను ఫిల్టరు తనిఖీకి వచ్చాను," అన్నారు మామగారు. పటికబెల్లం పొట్లం లాల్చీ జేబులో ఎత్తుగా కనిపిస్తోంది.

"నాకు నిద్రలో నడిచే జబ్బు," అన్నాడు మొగుడు.

"ఆరు నెలల్లో ఎప్పుడూ లేదే?"

"నిన్నే వచ్చింది."

"స్క్రూలు మళ్ళీ బిగించారా?"

"బిగించాను," అన్నాడతను అమాయకంగా.

అత్తగారు కుక్కరును చంటిబిడ్డలా చంకనెత్తుకుని ఉంది. "కుక్కరు పాడైపోయిందే అమ్మాయ్, బాగుచేయిద్దామని..." అంటూనే కుక్కరు ఒరిగి, పంచదార జలజలా నేల మీద పడింది.

చిన్న కోడలు చేతిలోని చీపురుతో నెమ్మదిగా ఊడ్చింది. "నేనేం చూడలేదు అత్తయ్యా. మామయ్యా, పదింటికి సమావేశం. అప్పుడు అందరూ చెయ్యెత్తుతారనుకుంటాను."

"దేనికి?" అన్నారు బావగారు.

"అది కూడా నేనే చెప్పాలా బావగారూ? పటంలో లేదా?"

పదింటికి యంత్రాలన్నీ విప్పి పరిచారు. ఒక్కదాంట్లోనూ ఏమీ దొరకలేదు. కమిటీ తన విజయాన్ని తానే ఏకగ్రీవంగా అభినందించుకుంది. మామగారు మాట్లాడారు: "నీటి కందకాల వల్ల, సభ్యుల అచంచలమైన నిగ్రహం వల్ల, చీమలు మన యంత్రాలను వదిలి పారిపోయాయి. ఓవెను నిర్దోషి. అయితే చీమలకు మాత్రం బొత్తిగా క్రమశిక్షణ లేదని ఈ సందర్భంగా నమోదు చేస్తున్నాను." అందరూ చేతులెత్తారు. తోటికోడలు రెండు చేతులూ ఎత్తింది. మామగారే స్వయంగా లక్క గీకి సీలు తీశారు.

మధ్యాహ్నానికి ఇల్లంతా వెనిల్లా వాసన. కుడివైపు మంట ఎక్కువని ఆమె మధ్యలో రెండుసార్లు పళ్ళెం తిప్పింది. చదరపు కేకును చల్లార్చి, సన్నకత్తితో నడుము సన్నంగా, అంచు వెడల్పుగా గంటలా కోసింది. గంట నాలుక కోసం చాక్లెట్టు కావలసి వచ్చింది. అడక్కుండానే తోటికోడలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఎక్కడిదో చెప్పకుండా వెళ్ళిపోయింది. శనివారం బళ్ళో ఆయా ఆ కేకు చూసి, కత్తి పట్టుకుని ఎంతసేపటికీ కోయలేదట. చివరికి, "మోగించకుండా కోయడం నా వల్ల కాదమ్మా," అని గరిటెతో పళ్ళేన్ని ఒక్కటి కొట్టి, అప్పుడు కోసిందట. వార్షికోత్సవం కేకు కూడా చిన్న కోడలిదేనని డ్రాయింగు టీచరు అక్కడికక్కడే చెప్పేసింది.

ఇంటి దగ్గర, గంట కోయగా మిగిలిన కేకు ముక్కలు ఎనిమిది ఉన్నాయి. ఒక్కొక్కటీ అరచెయ్యంత. శనివారం బడికి వెళ్ళేముందు చిన్న కోడలు వాటిని పళ్ళెంలో పెట్టి, మూత వేయకుండా, దాచకుండా, బల్ల నడిమధ్యన ఉంచింది. బల్ల కాళ్ళు నాలుగూ ఇంకా నీళ్ళ గిన్నెల్లోనే ఉన్నాయి. ఈసారి ఆ నీళ్ళలో పడవ చేసుకోవడానికి కూర ముక్క కూడా లేదు, ఒక్క చీమ కూడా ఎక్కే దారి లేదు. "అందరూ తినండి," అని చెప్పి మరీ వెళ్ళింది. "మాకెందుకమ్మా, మేం తీపి మానేశాం," అన్నారు అందరూ, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ.

సాయంత్రం ఆమె తిరిగొచ్చేసరికి పళ్ళెం తుడిచినట్టు ఉంది. ఫ్రిజ్ మీద కొత్త నోటీసు ఉంది: "నేటి మధ్యాహ్నము ఎనిమిది కేకు ముక్కలు చీమలు తినివేసినవి. కమిటీ కాలపరిమితి మరొక సంవత్సరము పొడిగించడమైనది."

చిన్న కోడలు చదివింది. నవ్వలేదు. కింద ఒక సంతకం పెట్టింది, సభ్యురాలిగా. అరచెయ్యంత ముక్కను ఒక్క పూటలో తినేసే చీమలు ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నాయనుకుంటే మీ అమాయకత్వం. మీ ఇంట్లో డబ్బాలో నిన్నటిదాకా ఉండి ఇవాళ కనిపించనిది ఏదైనా ఉంటే, పాపం, అది కూడా చీమల ఖాతాలోనే రాసేశారు కదూ? ముందు మూతి తుడుచుకోండి.